హాలు అడ్వాన్సు కంటే ముందు అయ్యగారి గడప

ప్రధానం (నిశ్చితార్థం) అయిపోయింది, పెళ్ళి పనులు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే ఉత్తరాలు ఈ నెల ఎక్కువ వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, పేర్లు తీసేసి ఇస్తున్నాం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు, బాప్టిస్టు, కతోలిక, స్వతంత్ర సంఘాలు ఎవరి నియమాలు వారివి. వాటి మీద 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం అందరికీ ఒకటే.

వందనాలు. మాది ఉప్పల్, అబ్బాయి వాళ్ళది ఖమ్మం. డిసెంబరు 28న పెళ్ళి అనుకుని నాగోలులో ఫంక్షన్ హాలుకు లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చాం. ఇప్పుడు వెళ్తే పాస్టరుగారు "ఆ రోజు చర్చి ఖాళీ లేదు, పైగా కౌన్సెలింగ్ కానిదే తేదీ రాయను" అంటున్నారు. ఇది న్యాయమేనా?
— ఒక తల్లి, ఉప్పల్

న్యాయమేనమ్మా. వరుస తప్పింది మీ దగ్గరే. ముందు అయ్యగారు, అంటే పాస్టరుగారు, తరువాత చర్చి తేదీ, ఆ తరువాత హాలు. మన ఊళ్ళో అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి కొత్త సంవత్సరం దాకా చర్చిలకు ఊపిరాడదు. ఈస్టరుకు ముందు వచ్చే లెంట్ నలభై రోజుల్లో చాలా సంఘాలు పెళ్ళిళ్ళు పెట్టవు, కొన్ని క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోనూ పెట్టవు. మిగిలిన తేదీల మీదే అందరూ పడతారు.

పెళ్ళికి నాలుగు నెలల ముందు పాస్టరుగారిని కలవాలి. వధూవరులది వేరే ఊరు, వేరే సంఘం అయితే ఆరు నెలలు పెట్టుకోండి. కాగితాల పని పైకి చిన్నదే: ఇద్దరి బాప్తిస్మపు సర్టిఫికెట్లు, వయసుకు టెన్త్ మెమో, ఆధార్, ఫొటోలు, అబ్బాయి సంఘం నుంచి అభ్యంతరం లేదనే ఉత్తరం. ఆలస్యం చేసేది ఎప్పుడూ ఆ చివరిదే. ఖమ్మంలో కూడా "ఫలానా ఇద్దరికీ పెళ్ళి, అభ్యంతరం ఉంటే చెప్పండి" అనే ప్రకటనలు చర్చిలో చదవాలి, మామూలుగా మూడు ఆదివారాలు. అవి అయ్యాకే ఉత్తరం చేతికొస్తుంది. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్ళుగా ఆ సంఘం గడప తొక్కకపోతే, సభ్యత్వం సంగతి తేలడానికి ఇంకో నెల పోతుంది. ఫోన్ల మీద తేలే పని కాదు, ఒక శని, ఆదివారం అబ్బాయిని స్వయంగా వెళ్ళి రమ్మనండి.

కతోలికులైతే ఇంకో మెలిక ఉంది. జ్ఞానస్నానపు (బాప్తిస్మపు) సర్టిఫికెట్ గత ఆరు నెలల్లో కొత్తగా రాయించింది కావాలి. చిన్నప్పుడు ఇచ్చింది లామినేషన్ చేయించి దాచుకున్నా పనికిరాదు. తరువాత భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) జరిగినా, ఎక్కడైనా పెళ్ళి జరిగినా జ్ఞానస్నానం ఇచ్చిన ఆ విచారణ (పారిష్) రిజిస్టరులో అదే పేరు పక్కన మార్జిన్‌లో రాస్తారు. కొత్త నకలు అడిగేది పుట్టిన తేదీ కోసం కాదు, ఆ మార్జిన్ కోసం.

అలాగని మరీ ముందు పరుగెత్తినా చిక్కే. చట్టప్రకారం నోటీసు తీసుకుని పాస్టరుగారు ఇచ్చే సర్టిఫికెట్ రెండు నెలలే చెల్లుతుంది. ఆలోగా పెళ్ళి జరగకపోతే అది రద్దు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. అందుకే కౌన్సెలింగ్ ముందు మొదలుపెట్టి, నోటీసు ఆఖరి రెండు నెలల్లో ఇస్తారు.

మీ లక్ష కోసం ఒక దారి: 28 సాయంత్రం హాలును రిసెప్షన్‌కు ఉంచుకుని, వివాహ ఆరాధనకు 27 గానీ 28 ఉదయం ఎనిమిదికి గానీ వీలుందేమో అడగండి. పొద్దున్నే పెళ్ళంటే బంధువులు సణుగుతారు. సణగనివ్వండి.

కార్డులో వివాహ ఆరాధన సాయంత్రం 6.30కి అని వేయించాం. పాస్టరుగారు 5 గంటలకు మార్చమని పట్టుబడుతున్నారు. కార్డులు అచ్చయిపోయాయి.
— సోదరుడు, మల్కాజిగిరి

మార్చండి. చట్టంలో పెళ్ళి జరిపే సమయం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు. ప్రత్యేక అనుమతి ఉన్న కొందరు గురువులకు మినహాయింపు ఉంది గానీ, మీ పాస్టరుగారు దాని మీద ఆధారపడటం లేదని ఆయన పట్టుదలే చెబుతోంది. లెక్క చూడండి. పెళ్ళికూతురు బ్యూటీ పార్లర్ నుంచి బయలుదేరేసరికి ఆరు, తార్నాక దగ్గర ఇరుక్కుంటే ఆరు ముప్పావు, రెండు పాటలు, ఒక ప్రసంగం... ప్రమాణాలు ఏడున్నరకు పడతాయి. రిజిస్టరులో ఆయన ఏ సమయం రాయాలి? కార్డు మీద చిన్న స్టిక్కరు వేస్తే పోయేదానికి ఆయన చేత అబద్ధం రాయించకండి.

ప్రీ మ్యారిటల్ కౌన్సెలింగ్ అంటే ఏం అడుగుతారు? వాక్యం మీద పరీక్ష పెడతారా? మా ఇద్దరికీ బైబిలు అంతగా రాదు. ఎన్నిసార్లు వెళ్ళాలి?
— సోదరి, కూకట్‌పల్లి

పరీక్ష కాదు, ఫెయిల్ చేయరు. మంచి కాపరి అయితే నాలుగు నుంచి ఆరుసార్లు, ఒక్కోసారి గంట, గంటన్నర కూర్చోబెడతారు. కతోలికుల్లో చాలాచోట్ల రెండు మూడు రోజుల కోర్సు పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అదికాక విచారణ గురువు ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించి జవాబులు రాసుకుని సంతకాలు తీసుకుంటారు. ఒక్కసారే, అదీ పెళ్ళి ముందు శనివారం, ప్రార్థన చేసి పంపేస్తే దాన్ని కౌన్సెలింగ్ అనకూడదు. ఇంకోసారి కూర్చోబెట్టమని మీరే అడగవచ్చు.

మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్తారు. రెండోసారి ఒక్కొక్కరినే పిలవాలి, వెంట అమ్మగానీ పెద్దమ్మగానీ లోపలికి రాకూడదు. అప్పుడు అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: "నీకు ఇష్టమేనా?" తండ్రి ముందు తల ఊపిన పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు వేరే మాట చెప్పవచ్చు. బలవంతపు సమ్మతితో జరిగిన పెళ్ళి సంఘం ముందూ నిలవదు, కోర్టు ముందూ నిలవదు. ఇంకొకరి మీద మనసుందన్నా, ముందు ఒక ప్రధానం తప్పిపోయిందన్నా, మందులు వాడుతున్నామన్నా అక్కడే చెప్పేయండి. విన్నది ఆయన కడుపులోనే ఉండాలి. వచ్చే ఆదివారం ప్రసంగంలో "ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి..." అని మొదలుపెట్టే అలవాటున్న పాస్టరు దగ్గర మాత్రం జాగ్రత్త.

తరువాతి సిట్టింగ్ డబ్బు మీద. ఎక్కువసేపు పట్టేది, పట్టవలసింది ఇదే. ఇద్దరికీ చెరొక తెల్లకాగితం ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా పెళ్ళయ్యాక నెల ఖర్చు రాయమంటారు. ఒక నమూనా చూడండి. అబ్బాయి జీతం 48,000, అమ్మాయిది 37,000, మొత్తం 85,000. నాచారంలో అద్దె 16,000. బండి కిస్తీ 4,200. అబ్బాయి వాళ్ళ అమ్మకు పంపేది 8,000. చర్చికి ఇచ్చే దశమభాగం 8,500. ఇంతవరకు ఇద్దరి కాగితాలూ కలుస్తాయి. అమ్మాయి కాగితంలో ఇంకో గీత ఉంటుంది: నాన్న మందులకు 3,000. అబ్బాయి కాగితంలో అది ఉండదు, పెళ్ళయ్యాక ఆ డబ్బు ఆగిపోతుందని అతను ఎవరూ చెప్పకుండానే అనుకుని ఉంటాడు. అబ్బాయి దాచిన గీత ఒకటి ఉంటుంది: పెళ్ళి ఖర్చుకు తీసిన మూడు లక్షల పర్సనల్ లోను, 14 శాతం వడ్డీ, 36 నెలలు, కిస్తీ దాదాపు 10,250. అన్నీ కలిపితే 49,950. చేతిలో మిగిలేది 35,050. ఇందులో బియ్యం, కరెంటు, మెట్రో, ఫోన్లు, పండగలు, రేపు పుట్టబోయే బిడ్డ. ఆ 3,000, ఆ 10,250 అయ్యగారి ముందు బయటపడితే అరగంట మాట్లాడుకుంటారు. పెళ్ళయిన మూడో నెలలో బయటపడితే మూడేళ్ళు మాట్లాడుకోరు.

దశమభాగం దగ్గర కూడా తేల్చుకోండి. కటింగులకు ముందు జీతం మీదా, చేతికొచ్చిన దాని మీదా? ఎవరి సంఘానికి? పెళ్ళయ్యాక ఏ చర్చికి వెళ్తారన్నది తేలకుండా ఇది తేలదు. అమ్మాయే అబ్బాయి సంఘానికి మారాలని రాసిపెట్టి ఏమీ లేదు. ఇంటికి దగ్గర ఏది, ఎవరికి అక్కడ పరిచర్య బాధ్యత ఉంది అన్నది చూసుకోండి.

ఇంకో సిట్టింగ్ పెద్దవాళ్ళ గురించి. ఆదికాండము 2:24లో తండ్రిని తల్లిని విడిచి అన్న మాట పురుషుడికి చెప్పింది. మన ఇళ్ళలో దాన్ని ఆడపిల్లకు మాత్రమే వర్తింపజేస్తాం. కలిసి ఉంటారా, వేరు కాపురమా, పండక్కి ఎవరింటికి, ఇంటి తాళం రెండోది ఎవరి దగ్గర ఉంటుంది వంటివి పైకి చిన్నగా కనిపిస్తాయి. అడిగి చూడండి, ఇద్దరూ చెరో జవాబు చెబుతారు.

పిల్లలు, పడకగది విషయాలు అయ్యగారితో మాట్లాడటం ఇబ్బందైతే అమ్మాయి పాస్టరుగారి భార్యతో మాట్లాడవచ్చు, లేదా డాక్టరు దగ్గరకు పంపమనవచ్చు. రక్తపరీక్షలు మాత్రం ఇద్దరూ చేయించుకోండి: బ్లడ్ గ్రూపు, ఆర్‌హెచ్, హెచ్ఐవీ, తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు హెచ్‌బీఏ2. ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటప్పుడు పెళ్ళి మానేయాలని కాదు, గర్భంలోనే పరీక్ష చేయించుకునే వీలుంది. కాకపోతే ముందే తెలిసి ఉండాలి.

మొదటి నాలుగు సిట్టింగుల్లో ఒకరు మరొకరిని నోరెత్తనివ్వకపోయినా, చెయ్యి చేసుకున్నట్టు తెలిసినా, తాగుడు బయటపడినా తేదీ వాయిదా వేయమని చెప్పే హక్కు కాపరికి ఉంది. "పెళ్ళయితే మారతాడు" అన్న పెద్దల మాట వినకండి.

మా ప్రకటన రెండో ఆదివారం చదివినప్పుడు ఒకాయన లేచి అభ్యంతరం అన్నాడు. మా నాన్నతో ఆయనకు స్థలం తగాదా ఉంది. పెళ్ళి ఆగిపోతుందా?
— సోదరుడు, మౌలాలి

స్థలం తగాదాతో ఆగదు. ప్రకటన అడిగేది చట్టపరమైన, సంఘపరమైన ఆటంకం గురించి: ఇదివరకే బ్రతికున్న భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం (అబ్బాయికి 21, అమ్మాయికి 18), నిషిద్ధమైన రక్తసంబంధం, బలవంతం. ఆయన ఇలాంటిదేదో ఉందంటే కాగితం మీద రాసి ఇవ్వమని పాస్టరుగారు అడుగుతారు, విచారిస్తారు. రాయకపోతే మూడో ఆదివారం మామూలుగా చదువుతారు. ఆయనతో మీరు చర్చి ఆవరణలో వాదనకు దిగకండి, సంఘ పెద్దలకు వదిలేయండి.

మేం కతోలికులం. మా అమ్మ సొంత తమ్ముడి కొడుకుతో నాకు సంబంధం ఖాయమైంది. ఫాదర్‌గారు "డిస్పెన్సేషన్ రావాలి" అన్నారు. మేనరికం మనకు వరసే కదా?
— సోదరి, సికింద్రాబాద్

వావివరసల్లో వరసే. కతోలిక సభ 1983 కానన్ చట్టం లెక్క వేరు, అది మేనత్త కొడుకా, చిన్నాన్న కొడుకా అని చూడదు, రక్తం ఎంత దగ్గరో చూస్తుంది. వేళ్ళ మీద లెక్కపెట్టండి: మీరు ఒకటి, మీ అమ్మ రెండు, మీ మామయ్య మూడు, అబ్బాయి నాలుగు. మధ్యలో ఉన్న తాతను లెక్కించరు. ఇది నాలుగో అంతరం, నిషిద్ధంలోనే ఉంది. బిషపుగారు మినహాయింపు (డిస్పెన్సేషన్) ఇవ్వవచ్చు. దరఖాస్తు మీ విచారణ గురువే అతిమేత్రాసనానికి (ఆర్చిబిషపుగారి కార్యాలయానికి) పంపుతారు. కారణాలు, వంశవృక్షం, సర్టిఫికెట్లు జతచేయాలి. అనుమతి పెళ్ళికి ముందే చేతిలో ఉండాలి. లేకుండా జరిగితే ఆ పెళ్ళి చెల్లదు.

మేనమామతో మేనకోడలి పెళ్ళి అయితే మూడో అంతరం. మినహాయింపు సులువుగా దొరకదు, దాన్ని నమ్ముకుని తేదీ పెట్టుకోవద్దు.

"అయితే రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంటాం" అనేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టపు నిషిద్ధ సంబంధాల జాబితాలో మేనమామ, మేనత్త పిల్లలు కూడా ఉన్నారు. ఆ దారి కూడా సూటిగా లేదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, మొదటి కలయికలోనే చుట్టరికం చెప్పేయండి. మీరు మాత్రం పైన చెప్పిన తలసీమియా పరీక్ష తప్పకుండా చేయించుకోండి. దగ్గర రక్తంలో అది ఇంకా అవసరం.

నేను క్రైస్తవుణ్ణి, అమ్మాయి హిందువు. పెళ్ళికోసం బాప్తిస్మం తీసుకుంటానంటోంది. వాళ్ళ ఇంట్లో గుళ్ళో తాళి కట్టాలంటున్నారు. రెండూ చేసుకుంటే?
— సోదరుడు, దిల్‌సుఖ్‌నగర్

రెండూ చేసుకుంటే రెండింటికీ చెడతారు. హిందూ వివాహ చట్టం కింద పెళ్ళికి ఇద్దరూ హిందువులై ఉండాలి. క్రైస్తవుడు, హిందూ యువతి గుళ్ళో చేసుకుని ఆ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్న పెళ్ళి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీకు దారులు రెండు. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళి జరగవచ్చు. మీ సంఘం ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి, చాలా ప్రొటెస్టెంటు సంఘాలు ఇద్దరికీ బాప్తిస్మం కావాలంటాయి. కతోలికుల్లో బిషపుగారి మినహాయింపుతో ఆమె హిందువుగానే ఉండి పెళ్ళి చేసుకోవచ్చు. పిల్లల్ని కతోలికులుగా పెంచడానికి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాల్సింది మీరు, ఆమె కాదు. ఆ మాట ఇచ్చారని ఆమెకు తెలియాలి. రెండో దారి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు.

పెళ్ళికోసం బాప్తిస్మం గురించి మా మాట: పాస్టరుగారు ఆమెతో విడిగా మాట్లాడి, కొన్ని నెలలు బోధించాక, వద్దనుకుంటే వద్దనే స్వేచ్ఛ ఇచ్చి అడగాలి. పెళ్ళికి పదిరోజుల ముందు నీళ్ళలో ముంచి తీస్తే ఆ బాప్తిస్మం ఆమెకు హాల్ టికెట్టు లాంటిదే అవుతుంది. ఒప్పుకోని పాస్టరు మీద కోపం తెచ్చుకోకండి.

మాది చిన్న స్వతంత్ర సంఘం. మా పాస్టరుగారు పెళ్ళి చేస్తే సర్టిఫికెట్ వీసాకు పనికొస్తుందా? ఇంకోటి, నా కుల సర్టిఫికెట్‌లో ఎస్సీ, హిందూ అని ఉంది.
— సోదరుడు, బోడుప్పల్

ఆయనకు ప్రభుత్వం ఇచ్చిన వివాహ లైసెన్సు ఉందా అని మర్యాదగా అడగండి, నకలు చూడండి. అధికారం లేకుండా పెళ్ళి జరిపినవారికి పదేళ్ళ వరకు జైలు ఉన్న చట్టం ఇది. లేకపోతే బాధలేదు: లైసెన్సు ఉన్న ఇంకో సేవకుడు ప్రమాణాలు చేయించి రిజిస్టరు నింపుతారు, మీ పాస్టరుగారు ప్రసంగం, ప్రార్థన చేస్తారు. పెళ్ళయ్యాక రిజిస్ట్రారు దగ్గర కూడా నమోదు చేయించండి. వీసాల వాళ్ళు ఆ కాగితాన్నే ముందు అడుగుతారు.

కులం సంగతి కఠినమైనది, మెత్తగా చెప్పలేం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి. చర్చి రిజిస్టరులో క్రైస్తవుడినని సంతకం చేసి, ఉద్యోగం దగ్గర ఇంకోటి చూపితే ఎప్పుడో ఒకప్పుడు రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు వస్తాయి. సంతకానికి ముందే లాయరును కలవండి. పాస్టరుగారిని "మతం గడి ఖాళీగా వదిలేయండి" అని అడగవద్దు.

కట్నం లేదన్నారు. కానీ "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది" అంటూ జాబితా పంపారు. పాస్టరుగారికి చెప్పవచ్చా?
— ఒక తండ్రి, ఈసీఐఎల్

చెప్పాలి. అడిగి తీసుకునేదేదైనా కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం ఇచ్చినవారినీ తప్పుపడుతుంది. కౌన్సెలింగ్‌లో అబ్బాయిని ఒంటరిగా "ఈ జాబితా నీకు తెలుసా?" అని అడిగితే చాలు. తెలియదంటే పెద్దలతో అతనే మాట్లాడాలి. తెలుసంటే మీకు జవాబు దొరికింది. ఇష్టంగా ఇచ్చే కానుకల్ని మాత్రం విలువతో సహా రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించండి. 1985 నిబంధనలు చెప్పేది అదే.

పెళ్ళి రోజు చర్చిలో గందరగోళం లేకుండా ఉండాలంటే?
— సోదరి, అల్వాల్

ముందురోజు సాయంత్రం ముప్పావు గంట రిహార్సల్ పెట్టించుకోండి. ఫొటోగ్రాఫరును కూడా రమ్మనండి, ప్రమాణాల సమయంలో అతను ఎక్కడ నిలబడాలో పాస్టరుగారు చూపిస్తారు. లేకపోతే సంఘానికి అతని వీపే కనిపిస్తుంది. ఉంగరాల పెట్టె తోడిపెళ్ళికొడుకు జేబులో ఉండాలి, మేనల్లుడి చేతిలో పళ్ళెంలో పెడితే దొర్లిపోతాయి. సిలువ ఉన్న తాళి కడతారా, ఉంగరాలు మాత్రమేనా అన్నది ముందే అడగండి, కొన్ని సంఘాలు తాళి కట్టనివ్వవు. ప్రమాణాలు పాస్టరుగారు ముక్కలు ముక్కలుగా చెబుతారు, వెంట పలకాలి. బట్టీ పట్టక్కర్లేదు, కానీ ఒకసారి గట్టిగా చదివి చూసుకుంటే గొంతు పెగులుతుంది.

సాక్షులు కనీసం ఇద్దరు, పాస్టరుగారు కాక. ప్రమాణాలు జరిగేటప్పుడు లోపలే ఉన్నవారై ఉండాలి. భోజనాల దగ్గర ఉన్న బాబాయిని పిలిపించి సంతకం చేయించకండి. రిజిస్టరులో మీ పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా ఉందో లేదో సంతకానికి ముందు చదవండి. పాస్‌పోర్టులో ఒకలా, ఇక్కడ ఒకలా పడితే దిద్దుబాటుకు నెలలు తిరగాలి. నీలం ఇంకు పెన్నులు రెండు తీసుకెళ్ళండి, మొదటిది ఆ సమయానికి రాయదు.